వేలిదా, తీగదా

పాట మధ్యలో బ్యాండు మాస్టారు చెయ్యెత్తారు. డ్రమ్ము ఆగింది. కీబోర్డు ఆగింది. బేస్ గిటారు ఆగిందో లేదో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అది మోగుతున్నట్టే ఎవరికీ తెలియలేదు.

"బేస్ ఎక్కడ?" అన్నారాయన.

"ఇక్కడే ఉన్నానండీ," అంది ఆమె.

"నువ్వున్నావమ్మా, కళ్ళకి కనిపిస్తూనే ఉన్నావు. శబ్దం ఎక్కడని అడుగుతున్నా."

టైర్ల కొట్టు మీదున్న ఆ సాధన గదిలో, చప్పుడు బయటికి పోకుండా, నాలుగు గోడలకీ పాత పరుపులు కొట్టి ఉంటాయి. కింద ఎవరో రబ్బరు కాలుస్తున్న వాసన పొద్దున్నుంచీ మెట్లెక్కి వస్తూనే ఉంది. ఆమె గిటారు మీది వాల్యూమ్ నాబ్‌ని చివరిదాకా తిప్పింది. అది అప్పటికే చివర ఉంది. పక్కనున్న, శబ్దం పెంచే పెద్ద యాంప్ దగ్గరికి వెళ్ళి అక్కడి నాబ్‌నీ పెంచింది. బుస్సుమని గాలి శబ్దం మాత్రం పెరిగింది. మళ్ళీ తీగ మీటింది. గోడకవతల ఎవరో తలుపు తట్టినట్టు మోగింది.

డ్రమ్ము వాయించే అతను కర్రలు ఒళ్ళో పెట్టుకుని నేల చూశాడు. ఆ నేలచూపు ఆమెకి అర్థమైంది. అందరూ చూడకూడదనుకుంటున్నది ఆమె కుడి చేతి చూపుడు వేలిని.

ఆ వేలిలోంచి గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను సూది దిగి బయటికొచ్చి చాలా వారాలైంది. కుట్టు కొట్టులో, పని తొందరలో, మాటల్లో పడి గుడ్డతో పాటు వేలినీ తోసేసింది. గాయం మానింది, గోరు మళ్ళీ మొలిచింది. కానీ వేలి కొసలో స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. పొద్దున్న టీ గ్లాసు పట్టుకుంటే మిగతా వేళ్ళకి కాలుతుంది, దానికి కాలదు. తీగ మీద పెడితే తీగ ఉందని తెలియదు. ఎంత గట్టిగా మీటుతోందో చూసి తెలుసుకోవాలి తప్ప వేలు చెప్పదు.

ఈ సంగతి ఆమె బ్యాండులో ఎవరికీ చెప్పలేదు. తగ్గిపోయిందనే చెప్పింది. దెబ్బ తగిలాక గిటారుని యాంప్‌కి తగిలించడం ఇవాళే.

"వదినా, ఆగు," అంటూ కీబోర్డు వెనకనుంచి మరిది లేచి వచ్చాడు. ఆమె గిటారులోంచి కేబుల్ లాగి తన కీబోర్డుకి తగిలించి, ఒక్క మెట్టు నొక్కాడు. అదే కేబుల్, అదే యాంప్. గది దద్దరిల్లింది. పరుపుల్లోంచి దుమ్ము రాలింది. కింద టైర్లకొట్టాయన ఏదో అరిచాడు.

"కేబుల్ బానే ఉంది, యాంప్ బానే ఉంది," అన్నాడు మరిది. అని, ఆ మాట ఎటు పోతోందో తెలిసి నాలిక్కరుచుకున్నాడు. ఇక మిగిలింది గిటారు, దాన్ని పట్టుకున్న మనిషి.

మాస్టారు కఠినుడు కాదు. కానీ డొంకతిరుగుడుగా మాట్లాడడం రానివాడు. "చూడమ్మా. చేతికి దెబ్బ తగిలింది, కాదనను. మధ్యాహ్నం హాల్లో సౌండు చూసుకుంటాం. అప్పటికీ ఇలాగే ఉంటే బేస్ భాగం మీ మరిది కీబోర్డు మీద ఎడమ చేత్తో లాగించేస్తాడు. ఈ సాయంత్రం కార్యక్రమానికొక్కదానికే అని చెప్పి నీకు ఆశ పెట్టను. అలా అలవాటైపోతే ఇక అంతే."

"నా ఎడమ చేతిని అడిగారా మాస్టారూ? అది ఇప్పటిదాకా చెమట తుడుచుకోవడానికే పనికొచ్చింది," అన్నాడు మరిది.

ఎవరూ నవ్వలేదు.

*

కుట్టు కొట్టు ముందు భాగంలో, ఇల్లు వెనక భాగంలో. మధ్యలో పొడుగాటి కటింగ్ బల్ల. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు బేస్ గిటారు మావగారిది. ఆయన పగలు కొలతలు తీసేవాడు, సాయంత్రాలు బ్యాండులో వాయించేవాడు. ఒకరోజు ఆయన గిటారు సాధన చేసుకుంటూ ఉన్నట్టుండి ఆపేసి, మిషను కుడుతున్న కోడలి కాళ్ళ వైపు చూశాడు. ఆమె పెడల్ తొక్కుడు ఆయన పాట తాళంలో కలిసిపోయి, ఆయన తప్పిన చోట కూడా తప్పకుండా నడుస్తోంది. "అమ్మాయ్, నీ కాళ్ళకి తెలిసింది నా చేతులకి తెలియడం లేదు. ఇలా రా," అని గిటారు ఆమె మెడలో వేశాడు. ఆయన పోయాక బ్యాండులో ఆయన చోటు ఖాళీ పడలేదు. అందరూ ఆమెని బేస్ వదిన అన్నారు. మాస్టారి కంటే పెద్దవాళ్ళు కూడా వదిన అనే అన్నారు.

రోజంతా బొత్తాలు, కాజాలు, ఎవరి నడుమో ఎవరి భుజమో కొలుచుకుంటూ బతికే మనిషికి ఆ సాయంత్రాలు వేరే లోకం. పాటలో బేస్‌ని ఎవరూ ప్రత్యేకంగా వినరు. అది ఉన్నప్పుడు పాట నేల మీద నడుస్తుంది, లేనప్పుడు గాల్లో తేలుతుంది. అలా ఎవరికీ కనపడకుండా అందర్నీ మోయడం ఆమెకి ఇష్టం. ఆ ఇష్టం గురించి ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ అది చేజారిపోయేలా ఉంది.

బల్ల మీది గుడ్డలు పక్కకి నెట్టి గిటారు పడుకోబెట్టింది. ఇంట్లో సాధనకి వాడే చిన్న యాంప్ తెచ్చి తగిలించింది. మీటింది. అదే గుసగుస.

"తీగలు పాతబడ్డాయేమో," అన్నాడు మరిది.

"మొన్ననే మార్చాను."

తీగల కింద నల్లటి పట్టీలాంటి పికప్ ఉంటుంది. తీగ కదలికను పట్టుకుని కరెంటుగా మార్చి పంపేది అదే. తీగలకి మరీ దూరమైతే శబ్దం తగ్గుతుంది. ఆమె స్క్రూ డ్రైవర్ తీసుకుని రెండు వైపులా మరలు తిప్పి పికప్‌ని పైకి లేపింది. మీటింది. పిసరంత పెరిగింది. ఇంకొంచెం లేపింది. ఈసారి తీగ పికప్‌కి తగిలి టకటకమంది గానీ శబ్దం పెరగలేదు. మళ్ళీ మొదటికే దించింది.

కొట్టు గుమ్మం దగ్గర మిషను మీద కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. దారం కొరికి ఉమ్మేసి అంది: "అమ్మాయ్, నువ్వు కాస్త పక్కకి జరిగి వాణ్ణి ఒకసారి మీటమనరాదూ? తప్పు దానిదో నీదో తేలిపోతుంది కదా."

అంత తేలికైన మాట. పొద్దున్న గదిలో అందరి నోటి చివరా ఆగిన మాట. ఆమె తలెత్తలేదు.

"వాడికి గిటారు అలవాటు లేదు అత్తయ్యా."

"మీటడానికి అలవాటెందుకే? వాయించమన్నానా?"

"ముందు ఈ మరలు చూడనీండి."

చూడ్డానికి మరలేవీ మిగల్లేదు. టోన్ నాబ్‌ని అటూ ఇటూ తిప్పింది. కేబుల్ తీసి మళ్ళీ పెట్టింది. చిన్న యాంప్ వెనక్కి వెళ్ళి వంగి చూసింది. మరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడి చేత్తో ఆ తీగ ఖంగున మోగితే? ఇక అడగాల్సిందీ వెతకాల్సిందీ ఏమీ ఉండదు. ఇప్పుడు కనీసం అనుమానం ఉంది, దాని పక్కన ఇంకాసేపు కూర్చోవచ్చు.

ఫోన్ మోగింది. సామాను వ్యాను వేసుకుని హాలుకి వెళ్ళిన భర్త. "స్పీకర్లు దించేశాం. మాస్టారు అప్పుడే రెండుసార్లు గడియారం చూశారు. ఏమైంది? దొరికిందా?"

"చూస్తున్నాం," అని పెట్టేసింది.

తరవాత గిటారు ఎత్తి మరిది చేతికిచ్చింది.

వాడు పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. "ఎక్కడ మీటను?"

"ఎక్కడైనా. గట్టిగా."

ఆమె అటు తిరిగి నిలబడింది. గోడకి తగిలించిన కాగితపు నమూనాలు, చొక్కా చేతులు, కాలర్లు, అన్నీ ఒంట్లో ప్రాణం లేని మనుషుల్లా వేలాడుతున్నాయి. వాటిని ఒక్కోటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

మరిది బొటనవేలితో బలం కొద్దీ లాగి వదిలాడు.

డుబ్ మని ఎక్కడో దూరంగా మోగింది. ఇంకోసారి లాగాడు. ఇంకో తీగ. అన్నీ అంతే, దుప్పటి కప్పుకుని దగ్గినట్టు.

"వదినా!" వాడి గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లాడిదైపోయింది. "నీ చెయ్యి కాదు! దీనికే మాయరోగం!"

ఆమె స్టూలు మీద కూలబడింది. అత్తగారు పెడల్ మీంచి కాలు తీసి, "నేను చెప్పలా?" అంది, తనే బాగుచేసినంత ధీమాగా.

*

గిటారు వెనక్కి తిప్పి చిన్న మూత విప్పారు. లోపల గుప్పెడంత గూడు. అందులో పికప్ నుంచి వచ్చే కరెంటు తీగ, వాల్యూమ్ నాబ్ అడుగున ఉండే గుండ్రటి రేకు డబ్బీ, అక్కణ్ణుంచి కేబుల్ దూర్చే జాక్ దాకా వెళ్ళే ఇంకో తీగ. పికప్ పట్టిన శబ్దం ఆ డబ్బీ గుండా వెళ్ళే బయటికి రావాలి.

"ఏ తీగా తెగలేదే," అన్నాడు మరిది, టార్చి లోపలికి పట్టి. "కానీ ఇదేంటి, తళతళమంటోంది?"

ఆమె వంగి చూసింది. చూడ్డానికి ముందే వాసన తగిలింది. రోజూ చేతులకీ కొంగుకీ అంటుకుని, స్నానం చేసినా పోని వాసన. పొరపాటు పడే వీలే లేదు.

మిషను నూనె.

ఇద్దరూ ఒకేసారి తలతిప్పి గుమ్మం వైపు చూశారు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "అలా చూస్తారేం? గరగరమంటోందని నువ్వే కదూ అన్నావు, ఆ గుండ్రంది తిప్పినప్పుడల్లా."

"ఎప్పుడు వేశారు అత్తయ్యా?"

"నీకు కట్టు కట్టి పడుకోబెట్టినప్పుడు. మిషను గరగరమంటే ఏం చేస్తాం? రెండు చుక్కలు వేస్తాం. గుండ్రంది ఊడబీకి దాని మెడలో వేశా. ఆ పక్కన బెజ్జం ఉందిగా, తాడు దూర్చేది, అందులోనూ వేశా. ఊరికే రెండు చుక్కలు కాదు, బాగానే వేశా. తిప్పి చూశా కూడా. ఎంత మెత్తగా తిరిగిందో!"

"అమ్మా," అన్నాడు మరిది, మొహం పాలిపోయి, "నా కీబోర్డుకి వేయలేదు కదా?"

"దాని మూత తీయడం రాలేదు."

వాడు గోడకి తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆమెకీ వచ్చింది. కోపం రావాల్సిన చోట, దారి తప్పినట్టు నవ్వొచ్చింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఒళ్ళోని గుడ్డ మడత వేస్తూ, కాస్త తగ్గిన గొంతుతో అంది: "నీ వేలికి నేనేం చేయగలను అమ్మాయ్? దీనికైనా ఏదైనా చేద్దామనుకున్నా."

ఆమె లేచి వెళ్ళి అత్తగారి భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది.

అసలు తప్పు ఆ డబ్బీదేనా అని ముందు తేల్చుకోవాలి. జాక్ లోపలి రేకుల మీది జిడ్డు గుడ్డపీలికతో తుడిచి, మరిది ఒక తీగముక్క కొసలు గీకి, ఒక కొస పికప్ తీగ అతుకు మీద, రెండోది జాక్ దగ్గర ఆనించి పట్టుకున్నాడు. డబ్బీని దాటేసి అడ్డదారి వేసినట్టు. "ఇప్పుడు మీటు."

మీటింది. చిన్న యాంప్ బల్ల మీద కదిలింది. కత్తెర గలగలమంది.

పికప్‌కి ఏమీ కాలేదు. దారిలో జిడ్డే అడ్డం కూర్చుంది. డబ్బీ లోపల నల్లటి బొగ్గుపూత మీద నూనె, ఏళ్ళ తరబడి పట్టిన దుమ్ము, అరిగిన పొడి కలిసి మడ్డిగా పేరుకుపోయి, శబ్దాన్ని సగంలోనే మింగేస్తోంది. గాయం తుడవడానికి తెచ్చిన స్పిరిట్ సీసాలో అడుగున కొంచెం మిగిలి ఉంది. యాంప్ ఆపేసి, డబ్బీ చీలికలోంచి చుక్కచుక్కగా పోసి, నాబ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూనే ఉంది. నల్లటి నీళ్ళు దూదిలోకి కారాయి. మళ్ళీ పోసింది, మళ్ళీ తిప్పింది. జాక్ రేకుల్ని కూడా స్పిరిట్ దూదితో మెరిసేదాకా రుద్దింది. ఆరడానికి అత్తగారు పాత ఫ్యాషన్ పుస్తకంతో విసిరింది. ఆవిడ విసురుతుంటే ఎవరూ వద్దనలేదు.

మూత బిగించి, కేబుల్ పెట్టి, నాబ్ చివరిదాకా తిప్పింది.

మొదటి స్వరం కొట్టంతా నిండింది. గోడ మీది కాగితపు చొక్కాలు వణికాయి. కిటికీ అద్దం సన్నగా పాడింది. అత్తగారు చెవులు మూసుకుని ఆనందంగా తిట్టింది. ఆమె కళ్ళు మూసుకుని పొద్దుటి పాట అందుకుంది.

నాలుగు స్వరాలు మీటిందో లేదో, వినబడింది.

చూపుడు వేలు, నడిమి వేలు ఒకదాని తరవాత ఒకటి మీటుతున్నాయి. నడిమి వేలిది నిండుగా, గుండ్రంగా వస్తోంది. చూపుడు వేలిది ఒకసారి తేలిపోతోంది, ఇంకోసారి తీగని చెంపదెబ్బ కొట్టినట్టు పడుతోంది. బరువు, తేలిక, బరువు, దెబ్బ. ఒక కాలు పొట్టిగా ఉన్న మనిషి మెట్లు దిగుతున్నట్టు. పొద్దుటిదాకా గిటారు గొంతు పెగలక ఇదంతా ఎవరికీ, ఆమెకీ కూడా వినబడలేదు. ఇప్పుడు దాచడానికి ఏ దుప్పటీ లేదు.

ఆపింది. మరిది నవ్వు కూడా ఆగిపోయింది. వాడికి చెవులున్నాయి.

వాడు దగ్గరికొచ్చి, అమ్మకి వినబడకుండా అన్నాడు: "వదినా, నాబ్‌ని సగంలో పెట్టు. సగంలో అయితే అంత తెలియదు. నాబ్ పాడైంది, కొత్తది తెప్పిస్తున్నామని చెబుదాం. అబద్ధమేం కాదుగా, పాడైన మాట నిజమే. కొత్తది వచ్చేలోపు నీ వేలు దారికొస్తుంది."

"రాకపోతే?"

వాడు గిటారు సంచీ జిప్పు లాగాడు.

*

హాలు కొత్తగా రంగు వేసినట్టుంది, పెయింటు వాసన ఇంకా పోలేదు. ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా ఆమె వైపే చూస్తున్నాయి. భర్త తీగల చుట్ట భుజాన వేసుకుని ఎదురొచ్చి మొహం చూశాడు, పక్కకి తప్పుకున్నాడు. ఆమె వేదిక మీద తన చోట నిలబడి కేబుల్ తగిలించింది. కుడి చెయ్యి నాబ్ మీద పెట్టింది. స్పర్శ ఉన్న వేళ్ళతోనే పట్టుకుంది. సగంలో ఆపింది. కీబోర్డు వెనక నుంచి మరిది కళ్ళతోనే సరేనన్నాడు.

మాస్టారు కుర్చీల మధ్య, వీపు ఇటు పెట్టి నిలబడి డ్రమ్ము వింటున్నారు. "ఊ. బాగుంది. బేస్, వినిపించమ్మా."

సగంలో ఉంటే ఈ సాయంత్రం గడిచిపోతుంది. రేపూ గడుస్తుంది. ఆ తరవాత ప్రతి పాటకీ, ప్రతి వేదిక మీదా, ఎవరికీ వినబడకూడదని ప్రార్థిస్తూ వాయించాలి. పొద్దున్న ఆ పరుపుల గదిలో వినబడక ప్రాణం పోయింది, ఇప్పుడు వినబడుతుందేమోనని పోతోంది. ఆమెకి తన మీద తనకే చిరాకేసింది.

నాబ్ చివరిదాకా తిప్పి, వాయించింది.

హాలు నేల కిందనుంచి శబ్దం లేచింది. మాస్టారు గిర్రున తిరిగారు. ఆమె ఆపలేదు. బరువు, తేలిక, బరువు, దెబ్బ. ఆ కుంటు నడక ఖాళీ కుర్చీల మీద నుంచి వెళ్ళి వెనక గోడకి తగిలి తిరిగి వచ్చింది. పల్లవి అయ్యేదాకా వాయించి చెయ్యి తీసింది.

"గిటారు బాగైందే," అన్నారు మాస్టారు. తరవాత, "కుంటుతోంది."

"అవునండీ. గిటారులో తప్పు ఉండేది, బాగుచేశాం. ఈ కుంటేది నా వేలు. దానికి స్పర్శ లేదు. తగ్గిపోయిందని మీకు చెప్పాను గానీ తగ్గలేదు."

డ్రమ్ము పక్కన ఏదో ఇత్తడి తాళం సన్నగా మోగి ఆగింది. తీగల చుట్టతో భర్త ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆయనకీ తెలియదు.

మాస్టారు నెమ్మదిగా వేదిక దగ్గరికి వచ్చారు. ఆమె వేలినే చూశారు, ఈసారి చూపు తప్పించకుండా. "అది లేకుండా వాయించు."

"ఒక్క వేలితోనా?"

"ఒక్క వేలితోనే."

నడిమి వేలితో వాయించింది. నడక సమంగా, నిండుగా వచ్చింది. ఆయన చేత్తో జోరు పెంచమన్నారు. పెంచింది. ఇంకా పెంచమన్నారు. వేలు వెనకబడింది, దమ్ము చాలక స్వరాలు రాలిపోయాయి. ఆయన చెయ్యి దించారు. ఆమె ఆయన నోటి వైపు చూసింది.

"నెమ్మది పాటలు నీవి," అన్నారు మాస్టారు. "జోరు పాటలు మీ మరిది ఎడమ చేతివి. ఉంగరపు వేలికి పని నేర్పు. నేర్పినంత మేర ఒక్కో పాటా వెనక్కి ఇస్తాను. నేర్పకపోతే ఇవ్వను. అంతకంటే నా దగ్గర లేదమ్మా."

"చాలండీ," అంది. చాలదు. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

"మాస్టారూ, నా ఎడమ చేతికి సగం శిక్ష తగ్గిందన్నమాట," అన్నాడు మరిది. ఈసారి డ్రమ్ము అతను ఫక్కున నవ్వాడు.

సాయంత్రం హాలు నిండింది. మొదటి పాట జోరుది. ఆమె గిటారు మెడలో వేసుకుని, మోగకుండా అరచెయ్యి తీగల మీద ఆనించి, అందరి ముందూ ఊరికే నిలబడింది. పక్కన మరిది ఎడమ చెయ్యి ఆమె దారిలో, ఆమె చోట, తడబడుతూ నడుస్తోంది. వినలేక వినలేక విన్నది. ముందు వరసలో ఎవరో ఆవిడ, ఈమె ఎందుకు వాయించడం లేదని పక్కవాళ్ళని అడుగుతున్నట్టు వేలు చూపించింది. చప్పట్లు మోగేదాకా ఆమె కదల్లేదు.

రెండో పాటకి మాస్టారు ఆమె వైపు తలాడించి, వేలితో నెమ్మదిగా లెక్క ఇచ్చారు. ఆమె నడిమి వేలితో మీటింది. కుర్చీల కింద నేల ఒక్కసారి బరువెక్కింది. అలవాటు కొద్దీ చూపుడు వేలు కూడా లేచింది. దాన్ని అరచేతిలోకి ముడిచి గట్టిగా పట్టుకుని, తరవాతి స్వరంలోకి వెళ్ళింది.